ఆరు నెలల సేఫ్టీ డిప్లొమాతో ఆస్ట్రేలియా పీఆర్ వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్ళు. మెకానికల్‌లో బీటెక్ చేశాడు. రెండేళ్ళుగా ఒక ఫైర్ ఫైటింగ్ కాంట్రాక్ట్ కంపెనీలో డిజైన్ ఇంజినీరుగా ఉన్నాడు. స్ప్రింక్లర్లు, హైడ్రెంట్లు, పంపు రూముల డ్రాయింగులు వేస్తాడు. ఈ లైన్‌లోనే ఎదిగి విదేశంలో స్థిరపడాలని వాడి కోరిక. ఆరు నెలల సేఫ్టీ డిప్లొమా చేస్తే ఫైర్ సేఫ్టీ ఇంజినీరుగా ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఖాయమని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు చెబుతున్నారు. డబ్బు కట్టమంటారా? అసలు ఈ రంగానికి భవిష్యత్తు ఉందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఆ డబ్బు కట్టకండి. మీ అబ్బాయి చేతిలో ఇప్పటికే ఉన్నది ఆ డిప్లొమా కన్నా ఎక్కువ విలువైనది. ఎలాగో చెబుతాను.

'ఫైర్ అండ్ సేఫ్టీ' అనే ఒకే మాట కింద మూడు వేరు వేరు ఉద్యోగాలు ఉన్నాయి. ఇక్కడే చాలామంది పిల్లలు దారి తప్పుతున్నారు. మొదటిది సేఫ్టీ ఆఫీసర్. సైట్‌లో హెల్మెట్లు, పర్మిట్లు, ప్రమాదాల నివారణ చూసే పని. నెబోష్ లాంటి సర్టిఫికెట్లు దీనికే పనికొస్తాయి. రెండోది మీ అబ్బాయి చేస్తున్న పని. స్ప్రింక్లర్లు ఎక్కడ పెట్టాలి, పైపు సైజు ఎంత, పంపు ఎంత ప్రెషర్ ఇవ్వాలి అని లెక్కగట్టే ఫైర్ ప్రొటెక్షన్ డిజైన్. మూడోది ఫైర్ సేఫ్టీ ఇంజినీరింగ్. నిప్పు అంటుకుంటే ఆ భవనం ఎలా ప్రవర్తిస్తుంది, మనుషులు బయటపడతారా అన్నది ముందే లెక్కవేసి చూపించే పని.

మూడోదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. నాలుగంతస్తుల ఎత్తున మధ్యలో ఖాళీగా వదిలేసిన హాలు ఉన్న ఒక షాపింగ్ మాల్ అనుకోండి. కింద ఒక స్టాల్ అంటుకుంది. ఈ లెక్కల్లో 'వేగంగా పెరిగే మంట' అంటే 150 సెకన్లలో సుమారు ఒక మెగావాట్‌కు చేరే మంట. పొగ పైకి వెళ్ళి కప్పు కింద పేరుకుని మెల్లగా కిందికి దిగుతుంది. అది పై అంతస్తులో నిలబడిన మనిషి తల ఎత్తుకు రావడానికి ఎంతసేపు పడుతుంది? ఆ అంతస్తులోని వాళ్ళంతా మెట్ల దాకా చేరడానికి ఎంతసేపు? మొదటి సమయం రెండోదాని కంటే తగినంత ఎక్కువగా ఉందని ఇంజినీరు నిరూపించాలి. లేదంటే పొగను లాగే ఫ్యాన్లు పెంచాలి, మెట్లు వెడల్పు చేయాలి, అలారం ముందే మోగేలా చూడాలి. మెకానికల్‌లో చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ ఇక్కడ రోజూ అవసరమవుతాయి. అందుకే మీ అబ్బాయి పునాది గట్టిదని అంటున్నాను.

కన్సల్టెన్సీ వాళ్ళు అమ్ముతున్నది మొదటి మెట్టు కోర్సు. చెబుతున్నది మాత్రం మూడో మెట్టు ఉద్యోగం. ఆస్ట్రేలియాలో ఈ రెంటినీ పరిశీలించే సంస్థలు కూడా వేరు. ఇంజినీర్ల అర్హతలను ఇంజినీర్స్ ఆస్ట్రేలియా చూస్తుంది. ఆక్యుపేషనల్ హెల్త్ అండ్ సేఫ్టీ అడ్వైజర్ అనే వృత్తిని వెట్‌అసెస్ చూస్తుంది, అక్కడ కూడా ఆ వృత్తికి సంబంధించిన డిగ్రీ స్థాయి చదువు అడుగుతారు. ఆరు నెలల డిప్లొమాతో ఈ రెండు తలుపుల్లో ఏదీ తెరుచుకోదు. పీఆర్ 'ఖాయం' అని ఏ కన్సల్టెన్సీ అన్నా నమ్మకండి. ఆ నిర్ణయం ప్రభుత్వానిది.

మీ అబ్బాయి మెకానికల్ ఇంజినీరుగానే ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అసెస్‌మెంట్‌కు (అర్హతల పరిశీలనకు) వెళ్ళడం సహజమైన దారి. ముందు ఒకటి తేల్చుకోండి. ఇంజినీరింగ్ డిగ్రీలను సభ్యదేశాలు ఒకదానిదొకటి గుర్తించే వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం కిందికి వాడి బీటెక్ కోర్సు వస్తుందా? ఇండియా ఆ ఒప్పందంలో పూర్తి సభ్యదేశమైంది 2014లో. కానీ అన్ని కాలేజీలకూ ఇది వర్తించదు. ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపు ఇచ్చే మన జాతీయ బోర్డు) టియర్-1 గుర్తింపు ఆ కోర్సుకు, వాడు పాసైన ఏడాదికి ఉందో లేదో చూడాలి. ఉంటే పని సులువు. లేకపోతే తన సామర్థ్యాన్ని చూపించే సీడీఆర్ అనే రిపోర్టు రాయాలి. అందులో ముఖ్యమైనవి మూడు కెరీర్ ఎపిసోడ్లు, అంటే తను చేసిన పనుల వివరణలు. ఒక్కోటి 1000 నుంచి 2500 పదాల దాకా ఉండాలి.

ఇంజినీర్స్ ఆస్ట్రేలియా వాళ్ళకు కావలసింది కంపెనీ ఏం చేసిందన్నది కాదు, మీ వాడు ఏం చేశాడన్నది. 'మేము సెల్లార్ పార్కింగ్‌కు స్ప్రింక్లర్ సిస్టమ్ డిజైన్ చేశాం' అని రాస్తే ఏమీ తెలియదు. ఇలా రాయాలి: 'స్ప్రింక్లర్ల కింద ఏసీ డక్ట్ అడ్డొస్తోందని డ్రాయింగులో గమనించాను. దాని వెడల్పు 1.2 మీటర్లు దాటింది. అంత వెడల్పున్న అడ్డంకి కింద కూడా స్ప్రింక్లర్లు పెట్టాలని ఎన్‌ఎఫ్‌పీఏ 13 (అమెరికా స్ప్రింక్లర్ కోడ్) చెబుతోంది. కాబట్టి డక్ట్ కింద ఒక వరస చేర్చి, ప్రెషర్ లెక్క మళ్ళీ వేసి, పైపు సైజు మార్చాను.' ఈ నాలుగు వాక్యాల్లో ఇంజినీరు కనిపిస్తాడు. నెట్‌లో దొరికే శాంపిల్స్ కాపీ కొట్టొద్దని గట్టిగా చెప్పండి. కాపీని వాళ్ళు పట్టుకుంటారు. పట్టుబడితే దరఖాస్తు తిరస్కరించడమే కాదు, కొంతకాలం మళ్ళీ అప్లై చేయనివ్వరు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు సొంతంగా బోలెడంత పనిచేసి కూడా ఎవరో రాసిచ్చిన రిపోర్టు పంపి నష్టపోయాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

భవిష్యత్తు గురించి అడిగారు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఒక అపార్ట్‌మెంట్‌లో మొదలైన మంట గోడల బయటి క్లాడింగ్ (పై తొడుగు) పట్టుకుని భవనమంతా పాకింది. ఆ తర్వాత బ్రిటన్ 2022లో బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్ తెచ్చింది. ఇంగ్లండ్‌లో కనీసం 18 మీటర్ల ఎత్తు లేదా కనీసం ఏడు అంతస్తులు ఉన్న నివాస భవనాలకు డిజైన్ దశ నుంచే ప్రత్యేక నియంత్రణ వచ్చింది. 2024 సెప్టెంబరులో వచ్చిన విచారణ తుది నివేదిక, ఫైర్ ఇంజినీరు వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపు, రక్షణ ఉండాలని సిఫారసు చేసింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2019 చట్టంతో సివిల్, స్ట్రక్చరల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లతో పాటు ఫైర్ సేఫ్టీ ఇంజినీర్లకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. లిథియం బ్యాటరీలు, డేటా సెంటర్లు, ఎత్తైన చెక్క భవనాలు తెస్తున్న కొత్త చిక్కులు సరేసరి. ఈ పని తగ్గేది కాదు. అయితే సంతకం విలువ పెరిగేకొద్దీ ఆ సంతకం పెట్టే మనిషిని అడిగే ప్రశ్నలూ పెరుగుతాయి.

మూడో మెట్టు ఎక్కాలంటే మాస్టర్స్ చేయడం మంచిది. ఘెంట్, ఎడిన్‌బరో, లుండ్ విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతున్న ఐఎంఎఫ్‌ఎస్‌ఈ అనే రెండేళ్ళ కోర్సు నా మొదటి ఎంపిక. స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ, అమెరికాలో మేరీలాండ్, వోర్సెస్టర్ పాలిటెక్నిక్ ఈ సబ్జెక్టులో పాత పేర్లు. అమెరికాలో చదివితే, చదువు తర్వాత ఉద్యోగానికిచ్చే స్టెమ్ ఓపీటీ అనుమతితో మొత్తం 36 నెలలు పనిచేయవచ్చు. ఆ తర్వాత హెచ్-1బీ వర్క్ వీసా లాటరీని నమ్ముకోవాలి. నిపుణుడైనా లాటరీ లాటరీయే కాబట్టి, స్థిరపడటమే లక్ష్యమైతే దాన్ని మొదటి దారిగా నేను చెప్పను. బ్రిటన్‌లో వీసా స్పాన్సర్ చేసే కంపెనీ దొరకడమే అసలు పరీక్ష. అక్కడ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఫైర్ ఇంజినీర్స్ సభ్యత్వం, దాని ద్వారా చార్టర్డ్ ఇంజినీరు హోదా బాగా ఉపయోగపడతాయి.

గల్ఫ్‌ను చిన్నచూపు చూడకండి. అక్కడి వీసా సాధారణంగా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది, స్థిరపడటం కష్టమే. కానీ భారీ ప్రాజెక్టులు, ఎన్‌ఎఫ్‌పీఏ కోడ్‌ల మీద రోజూ పని, సివిల్ డిఫెన్స్ (అక్కడి అగ్నిమాపక శాఖ) అప్రూవల్స్ కోసం డ్రాయింగు ప్రతి గీతకూ జవాబు చెప్పుకోవడం, ఇవన్నీ కెరీర్ ఎపిసోడ్‌కు మంచి సరుకు. సౌదీ వెళ్తే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజినీర్స్‌లో రిజిస్టర్ కావాలి.

ఇక తొందర విషయం. ఆస్ట్రేలియా పాయింట్ల లెక్కలో 18 నుంచి 24 ఏళ్ళ వయసుకు 25 పాయింట్లు, 25 నుంచి 32కు 30. ఆస్ట్రేలియా బయట చేసిన ఉద్యోగ అనుభవం (ఇండియాలోదీ లెక్కే) మూడేళ్ళు నిండితే 5 పాయింట్లు, అంతకు తక్కువైతే సున్నా. అంటే మీ వాడు ఉద్యోగంలోనే ఉండి ఒక ఏడాది ఆగితే 10 పాయింట్లు కలుస్తాయి. డిగ్రీకి 15. ఇంగ్లీషులో 'సుపీరియర్' స్థాయి తెచ్చుకుంటే 20, దానికి ఒక మెట్టు కిందైతే 10. 65 అనేది దరఖాస్తుకు కనీస గీత మాత్రమే. పిలుపు రావడానికి చాలాసార్లు అంతకు మించి కావాలి. కాబట్టి వాడు ముందు కూర్చోవలసింది ఇంగ్లీషు మీదే.

ఈ ఏడాది సాయంత్రాలు కొన్ని ఎఫ్‌డీఎస్‌కు ఇమ్మనండి. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ తయారుచేసిన ఈ మంట, పొగ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక గది, ఒక తలుపు, ఒక మంటతో మొదలుపెడితే చాలు. ఆఫీసులో వేసిన ప్రతి లెక్కకూ తేదీ, సమస్య, తను తీసుకున్న నిర్ణయం ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. రెండేళ్ళ తర్వాత గుర్తుచేసుకుని రాయడం చాలా కష్టం. డిప్లొమాకు పెట్టాలనుకున్న డబ్బు ఇంగ్లీషు పరీక్షకూ, అసెస్‌మెంట్ ఫీజుకూ పక్కన పెట్టండి.