మీటరు మార్చే ముందు ముల్లును పరీక్షించు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బావగారి మారుతి 800ని తుక్కు కింద అమ్మేయకుండా ఇంకా నడుపుతున్నావని తెలిసి సంతోషించాను. టెంపరేచర్ ముల్లు హైవే మీద ‘సి’ (చల్లన) గీత వదలడం లేదని, రాత్రిపూట మాత్రం సగం దాటి లేస్తోందని, మెకానిక్ మొత్తం మీటరే మార్చాలన్నాడని రాశావు. ఇప్పుడే మీటరు జోలికి పోకు. ఆ వయసు కారుకి డాష్‌బోర్డు విప్పితే ప్లాస్టిక్ క్లిప్పులు సగం విరుగుతాయి. ఉన్న రోగం పోకపోగా గతుకుల్లో కొత్త గలగల మొదలవుతుంది.

ముందు తేల్చుకోవలసింది, ముల్లు తప్పు చూపిస్తోందా, ఇంజనే నిజంగా చల్లగా ఉందా అని. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్‌ని ‘మన ఎండలకి ఇదెందుకండీ’ అంటూ పీకి పారేయడం మన దగ్గర మెకానిక్కులకి పాత అలవాటు. అది లేకపోతే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్‌లోకి తిరుగుతూనే ఉంటాయి. హైవే గాలికి ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ముల్లు ‘సి’ దగ్గరే ఉంటుంది. అప్పుడు ముల్లు తప్పేం లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి వేసి చూడు. వాల్వ్ ఉంటే గొట్టం కాసేపు చల్లగానే ఉండి, నీళ్ళు 80 డిగ్రీలు దాటాక ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మొదలైతే లోపల వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ చొక్కా చేతులు, మెడలో తువ్వాలు ఫ్యాన్‌కి దూరంగా ఉంచుకో. కరెంటు ఫ్యాను చెప్పి తిరగదు.

అదే పొద్దున, స్టార్ట్ చేయకముందే, రేడియేటర్ మూత తీసి నీళ్ళు నిండుగా ఉన్నాయో లేదో చూడు. రిజర్వాయర్ డబ్బాలో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. ఇది మాత్రం బాగా గుర్తు పెట్టుకో. ముల్లుకి వేడి కబురు పంపే సెన్సర్ తనకి తగిలిన నీళ్ళ వేడినే చెబుతుంది. నీళ్ళు కారిపోయాయంటే, జ్వరంతో కాలిపోతున్నవాడి నోట్లోంచి థర్మామీటరు బయటికి తీసి చూసినట్టే. హెడ్ (ఇంజన్ పైభాగం) మాడిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. ‘హెచ్’ (వేడి) వైపు వెళ్తున్న ముల్లు హఠాత్తుగా పడిపోతే చల్లబడిందని సంబరపడకుండా బండి పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యి. అది అల్యూమినియం హెడ్, ఒక్కసారి వంగిందంటే దాని కింద ఉండే పలచటి గ్యాస్కెట్ రేకు మార్చడంతో పోయే ఖర్చు కాదు. వేడి మీద మూత మాత్రం తియ్యకు. మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల లోపలి నీళ్ళు 100 దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదులైన క్షణంలో పొంగి మొహం మీదికే వస్తాయి.

వాల్వ్ ఉంది, నీళ్ళు నిండుగా ఉన్నాయి, అయినా ముల్లు లేవడం లేదంటే అప్పుడు వైరు దగ్గరికి వెళ్ళు. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాల గుత్తి, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర ఒకే వైరు ఉన్న చిన్న ఇత్తడి సెన్సర్ వెతుకు. ఆ పక్కనే ఫ్యాన్ స్విచ్ కూడా ఉంటుంది, దాంతో పొరబడకు. వైరు క్లిప్పు లాగితే లోపల పచ్చటి పొడి కనిపించవచ్చు. గరుకు కాగితంతో గీకి మళ్ళీ తగిలిస్తే సగం సందర్భాల్లో జబ్బు అక్కడితోనే పోతుంది. పోకపోతే అమ్మాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయమను. వైరు ఊడదీసి ఉంటే ముల్లు ‘సి’ దగ్గర ఉండాలి. అదే వైరు కొనని ఇంజన్ ఇనుముకి ఆనిస్తే ‘హెచ్’ వైపు కదలాలి. పాత మీటర్లలో ముల్లు ఎగిరిపడదు, మెల్లగా పాకుతుంది. రెండు సెకన్లు చూసి మీటరు పోయిందనేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. అలాగని ఎక్కువసేపు ఆనించి ఉంచకు, సగం దాటగానే తీసెయ్యి. చివరిదాకా పోనిస్తే మంచి మీటరు కూడా మాడుతుంది.

ముల్లు కదిలిందంటే మీటరూ వైరూ బాగున్నాయి, అనుమానం సెన్సర్ మీదే. చల్లటి ఇంజన్ మీద దాన్ని విప్పి, తీగకి కట్టి, గిన్నెలో నీళ్ళలోకి కొన మాత్రం మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీసి స్టవ్ వెలిగించు. మల్టీమీటరు ఒక పిన్ను టెర్మినల్‌కి, ఇంకోటి ఇత్తడికి పెట్టు. నీళ్ళు కాగుతున్నకొద్దీ ఓములు (కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే అంకె) వందల్లోంచి పదుల్లోకి జారుతూ రావాలి. మధ్యలో ఎగిరి దూకినా, కదలకుండా నిలిచిపోయినా కొత్తది కొను. కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్ళి నీ మోడల్ నంబరుకి సరిపోయేదే అడుగు. మరలు ఒకటే అయినా ఓములు వేరైన నకిలీలు దొరుకుతాయి, అవి పెడితే ముల్లు జన్మలో నిజం చెప్పదు. బిగించేటప్పుడు మరలకి టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకు. ఒకే వైరు సెన్సర్‌కి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే దారి, అందేది ఆ మరల్లోంచే.

ఇక రాత్రి సంగతి. హెడ్‌లైట్లు వేసినప్పుడే ముల్లు లేస్తోందంటే నాకు ఎర్త్ మీదే అనుమానం. బండి ఆపి ఉంచి, ఇంజన్ ఆన్‌లోనే లైట్లు వేసి ఆర్పి చూడు. దాంతోపాటు పెట్రోలు ముల్లు కూడా లేస్తే సెన్సర్ పాపం ఏమీ లేదు, మీటర్లకి ఉమ్మడిగా ఉన్న ఎర్త్ దగ్గరో, సప్లయి దగ్గరో తేడా. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజన్‌కి వెళ్ళే తీగల బోల్టులు విప్పి, తుప్పు గీకి బిగించు. అప్పటికీ మారకపోతేనే మీటరు వెనక కనెక్షన్ చూడాలి, ఆ పనికి నేనే వస్తాను.

పెట్రోలు ముల్లు కూడా లేస్తోందో లేదో ఈ రాత్రే చూసి ఫోన్ చెయ్యి. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమామయ్య