యూనివర్సిటీ లెక్చర్లకు బయటివాళ్లు వెళ్లొచ్చా? వెళ్తే ఏమైనా ఉపయోగం ఉందా?

మీరు అడిగినవి రెండు విషయాలు: విద్యార్థులు కానివాళ్లని యూనివర్సిటీ పబ్లిక్ లెక్చర్లకి రానిస్తారా, వెళ్తే మన వీధికీ ఊరికీ ఏమైనా ఒరుగుతుందా అని. నేను విశాఖలో బ్యాంకు ఉద్యోగిని. చదువు అయిపోయి చాలా ఏళ్లయినా, వీలున్నప్పుడల్లా వెళ్తూనే ఉంటాను.

మొదటిదానికి జవాబు చిన్నది. పోస్టరు మీద అందరూ ఆహ్వానితులే అని ఉంటే ఇంకెవరినీ అడగక్కర్లేదు. ఎవరి జ్ఞాపకార్థమో డిపాజిట్ చేసిన డబ్బు మీద వచ్చే వడ్డీతో జరిపే ఎండోమెంట్ లెక్చర్లు చాలావరకు ఇలాంటివే. సెమినార్లు వేరు, వాటికి మామూలుగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే డిపార్ట్‌మెంటు పేరు, హాలు పేరు చెప్పి ఫోన్‌లో పోస్టరు చూపించండి. ఆధార్ కార్డు జేబులో ఉంటే ఇంకా మంచిది.

అసలు చిక్కు టైముతోనే. పనిదినాన మధ్యాహ్నం మూడింటికి పెడితే ఉద్యోగస్తులు ఎలా వస్తారు? పైగా, ఎక్కడ అని చెప్పను గానీ, జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, శాలువాలు, మెమెంటోలు అయ్యేసరికి వక్తకి అరగంట మిగిలితే గొప్ప. నేనైతే కార్డులో వేసిన టైముకి కాస్త ఆలస్యంగానే బయల్దేరతాను. ఇంతవరకు నష్టపోయింది లేదు.

మా ఊళ్లో ఇది పాత అలవాటే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే మా ఆంధ్రా యూనివర్సిటీ, 1926లో మొదలైంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉండగా 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఉపన్యాసాలిచ్చారు, అవి తర్వాత పుస్తకంగా కూడా వచ్చాయి. అంతకుముందు, మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో పదవికే రాజీనామా చేశారు. కాబట్టి బయట ఏం జరిగితే మాకెందుకు అనే ధోరణి ఆ క్యాంపస్‌లో మొదట్నుంచీ చెల్లలేదు. బోధన, పరిశోధనలతో పాటు సమాజంలోకి వెళ్లి పనిచేయడం కూడా యూనివర్సిటీల బాధ్యతేనని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 1977లోనే చెప్పింది. ఎంతవరకు జరుగుతోందన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక ఒరిగేదేమిటి అన్న ప్రశ్న. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. ఊళ్లో చెట్లన్నీ నేలకొరిగాయి, కైలాసగిరి బోడికొండైపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఊళ్లో మళ్లీ ఏ చెట్లు నాటాలి అన్న అంశం మీద ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు మాట్లాడారు. మొదటి ముప్పావు గంట స్లైడ్లు, లాటిన్ పేర్లు. వెనక వరసల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. ప్రశ్నల సమయం రాగానే మా కాలనీ సంఘంలో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి లేచి తెలుగులో అడిగారు: "మాస్టారూ, మా వీధిలో ఒకపక్క కరెంటు తీగలు, ఇంకోపక్క కాలువ. చెట్ల మొదళ్ల దాకా సిమెంటు వేసేశారు. ఇప్పుడు ఏం నాటమంటారు?"

అంతే, ఆయన స్లైడ్లు వదిలేసి తెలుగులోకి దిగిపోయారు. తురాయి, పెల్టోఫోరం త్వరగా పెరిగి పచ్చగా కనిపిస్తాయి గానీ కొమ్మలు పెళుసు, గాలికి ఆగవన్నారు. జాగా ఉన్నచోట వేప, కానుగ, పొగడ, తీగల కింద పారిజాతం, గన్నేరు లాంటి చిన్నవి వేసుకోమన్నారు. మొదలు చుట్టూ కనీసం మీటరు మేర మట్టి వదలకపోతే వేర్లు విస్తరించవని, అలాంటి చెట్టు ఏ జాతిదైనా పడిపోతుందని చెప్పారు. మా వాళ్లు అవన్నీ రాసుకుని, కార్పొరేషన్‌కి ఇచ్చిన అర్జీలో పెట్టారు. మొక్కలు వచ్చాయి. సిమెంటు పగలగొట్టడానికి మాత్రం ఎవరూ రాకపోతే మేమే గునపాలు పట్టుకున్నాం.

అందుకే నా సలహా, లెక్చర్ విని చప్పట్లు కొట్టి వచ్చేయకండి. మీ వీధికి సంబంధించిన ఒక్క ప్రశ్న రెండు వాక్యాల్లో తయారుచేసుకుని వెళ్లండి. మైకు దొరికింది కదా అని స్వీయ ఉపన్యాసం మొదలుపెట్టే పెద్దమనుషులు ప్రతి హాల్లోనూ ఉంటారు, వాళ్ల వల్లే అధ్యక్షులవారు ప్రశ్నల సమయం కుదించేస్తారు. ఇంగ్లీషు రాదని వెనకాడక్కర్లేదు. తెలుగులో అడిగితే చాలామంది వక్తలు తెలుగులోనే జవాబిస్తారు. వేదిక మీద తేలకపోతే టీ దగ్గర పట్టుకోండి. నాకు పనికొచ్చిన మాటలు చాలావరకు అక్కడే దొరికాయి.

మాటలతో సరిపెట్టకుండా మనుషులు కూడా కావాలనుకుంటే ఎన్‌ఎస్‌ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్, అంటే విద్యార్థుల సేవా పథకం) వాళ్లని అడగండి. 1969లో 37 యూనివర్సిటీల్లో మొదలైన పథకం అది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దాంతోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. శిబిరం ఏ ఊళ్లో, ఏ బస్తీలో పెట్టాలన్నది ముందే ఖాయం చేసుకుంటారు కాబట్టి, కాలేజీలు తెరవగానే అక్కడ ఎన్‌ఎస్‌ఎస్ చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కలవండి. ఎంతమంది పిల్లలు కావాలి, పని ఏమిటి, మంచినీళ్లూ భోజనం ఎవరు చూస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే మాట త్వరగా తెములుతుంది.