కొత్తగా టీమ్ చూసుకుంటున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ టీమ్‌లోకి ఆటిజం ఉన్న అబ్బాయి వస్తున్నాడని, ఎలా మెలగాలో పాలుపోవడం లేదని రాశావు. బడిలోనూ ఆఫీసులోనూ పని చేయించినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతాను.

ముందు అతన్నే అడుగు. ఆటిజం అంటే మెదడు లోకాన్ని, మనుషుల్ని, శబ్దాల్ని కాస్త వేరే తీరులో అందుకోవడం. ఆటిజం గురించి ఎంత చదివినా అతని సంగతి తెలియదు. ఒకరికి ట్యూబ్‌లైటు గుయ్యిమనడం భరించరానిది, ఇంకొకరికి అది వినపడనే వినపడదు. "నీ సమస్యేంటి?" అనకు. "పని సాఫీగా సాగాలంటే ఏం మార్చమంటావు?" అను. వెంటనే చెప్పలేకపోతే రాసి పంపమను.

అసలు చిక్కంతా మనం పని చెప్పే తీరులోనే ఉంది. "ఆ రిపోర్టు ఒకసారి చూడు" అంటాం. చూసి ఏం చేయాలి? తప్పులు దిద్దాలా, అభిప్రాయం చెప్పాలా? ఎప్పటిలోగా? మిగతావాళ్లు ఏదో ఊహించుకుని కానిచ్చేస్తారు, అదీ చాలాసార్లు తప్పుగానే. "మూడో పేజీ లెక్కలు సరిచూసి, తేడాలుంటే గుర్తుపెట్టి, గురువారం మధ్యాహ్నంలోగా పంపు" అని రాసివ్వు. అందరికీ అలాగే ఇవ్వు. అతనొక్కడికే ప్రత్యేక మర్యాదలన్న గొణుగుడు ఉండదు. తమ సంగతి బయటికి చెప్పుకోని వాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకీ ఊరట. మీటింగులో ఏం మాట్లాడబోతున్నారో కూడా ముందురోజే పంపు.

కళ్లలోకి చూడలేదనో, మొహమాటం లేకుండా చెప్పేశాడనో తక్కువ చేసి చూడకు. డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు (ఆయనకీ ఆటిజం ఉంది) 2012లోనే చెప్పాడు, అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంటుందని. నువ్వూ నీ వంతు నేర్చుకోవాలి.

హెడ్‌ఫోన్లు, మూల సీటు అడిగితే ఇచ్చెయ్యి, చర్చ అనవసరం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ప్రకారం తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే.

టీచరుగా ఉన్న మీ అక్కకీ ఈ ఉత్తరం చూపించు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమవడం) ఉన్న పాపను క్లాసులో లేపి గట్టిగా చదివిస్తే చదువు రాదు, టెన్షన్ వస్తుంది. సైన్సు పరీక్ష సైన్సు తెలుసో లేదో చూడటానికే కదా! ప్రశ్న చదివి వినిపించినా, జవాబు నోటితో చెప్పించినా ఏం పోయింది? ఏడీహెచ్‌డీ (ఒకదానిమీద దృష్టి నిలపడం, కుదురుగా ఉండటం కష్టమవడం) ఉన్న పిల్లాడికి పెద్ద పనిని ముక్కలు చేసి ఇవ్వమను. అల్లరి చేశాడని ఇంటర్వెల్ మాత్రం కోసెయ్యొద్దను, అది అందరికంటే వాడికే ఎక్కువ అవసరం.

నెల తర్వాత నీ టీమ్ అబ్బాయిని మళ్లీ అడుగు, ఏవి పనికొచ్చాయో, ఏవి మానెయ్యాలో. పేరొచ్చే పనులు కూడా అప్పగించు, చిల్లర పనులతో సరిపెట్టకు. పార్టీలకు తప్పకుండా పిలువు. రాకపోతే మాత్రం నిలదీయకు.

మావయ్య