నవ్వుల గుడ్లగూబలాగే మన పచ్చ మునియా కూడా అంతరించిపోతుందా?

రెండింటికీ ముప్పు మనిషి వల్లే వచ్చింది, కానీ వచ్చిన దారి వేరు. న్యూజిలాండ్‌కు చెందిన నవ్వుల గుడ్లగూబ రాళ్ల సందుల్లో, నేలమట్టంగా గూడు పెట్టేది. గబ్బిలాలు తప్ప సొంత క్షీరదాలు లేని ఆ నేలకు బయటివాళ్లు పిల్లుల్ని తెచ్చారు. 1880లలో కుందేళ్లను అణచడానికి స్టోట్లనే చిన్న వేటజంతువుల్ని వదిలారు. వదిలాక వాటిని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాలేదు. ఆ గుడ్లగూబ చివరిసారి కచ్చితంగా కనిపించింది 1914లో, అదీ చచ్చిపడి.

పచ్చ మునియా పాటపక్షుల వర్గంలోది. మౌంట్ అబూ వైపు, మధ్య భారతంలో పొడుగు గడ్డిలోనూ చెరకు తోటల్లోనూ బతుకుతుంది. సహజంగా మన దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పు జాబితాలో ఉంది. ఆవాసం తగ్గడం ఒక ఎత్తయితే, పంజరాల కోసం వలవేసి పట్టడం మరో ఎత్తు. స్టోట్‌ను ఆపలేకపోయారు గానీ వలను ఆపవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలా పట్టడం, అమ్మడం నేరం కూడా. అందుకే నాకు దీనిమీద ఆశ ఉంది.

హైదరాబాద్‌లో ఎక్కడైనా అడవి మునియాలు అమ్ముతుంటే, జాలిపడి విడిపించడానికి కూడా కొనకండి. ఆ డబ్బే ఇంకో వలకు పెట్టుబడి. అటవీ శాఖకు చెప్పండి.