ఎవరికీ చెప్పనని మాటిచ్చేశాను, ఇప్పుడెలా?

ప్రశ్న: బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే కేంద్రంలో ఏడాదిగా పనిచేస్తున్నాను. మొన్న పదకొండేళ్ల పాప "అక్కా, ఎవరికీ చెప్పనంటేనే చెప్తా" అంది. సరేనన్నాను. ఇంట్లో కొడుతున్నారట. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఇంకోపక్క మా మేనేజరు ట్రైనింగ్‌కి వెళ్లమంటున్నారు. పిల్లల్ని ప్రేమగా చూసుకోవడానికి కూడా ట్రైనింగ్ కావాలా?

జవాబు: ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు పాప. ఇది చదవగానే, రేపటిదాకా ఆగకుండా, మీ దగ్గర పిల్లల భద్రత చూసేవాళ్లకి చెప్పండి, అలాంటివాళ్లు లేకపోతే మేనేజరుకి. పాపకి ఇప్పటికిప్పుడే ప్రమాదం ఉందనిపిస్తే నేరుగా పోలీసులకో, బాలల రక్షణ అధికారులకో చెప్పాల్సిందే. నిజమో కాదో తేల్చుకుందామని మీరే ఇంటివాళ్లని కదిలించకండి, దాంతో పాపకే ముప్పు పెరగొచ్చు. "నాన్నేనా కొట్టింది?" లాంటి ప్రశ్నలూ వద్దు, జవాబు మనమే అందించినట్టవుతుంది. పాప అన్న మాటల్ని అన్నట్టే, తేదీ, టైమ్ వేసి రాయండి. దెబ్బ కనిపిస్తే "ఎడమ మోచేతి కింద కమిలింది" అని రాయండి గానీ "బాగా కొట్టినట్టున్నారు" అని కాదు, అది మీ ఊహ.

పాపకి కూడా చెప్పాలి, మాట తప్పుతున్నారు కదా. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, చెప్పనని నేను మాటివ్వకుండా ఉండాల్సింది, నీకు సాయం చేయగలిగినవాళ్లకి చెప్తున్నాను" అనండి చాలు. అలుగుతుందేమో, అలగనివ్వండి. ఇకమీదట ఏ పిల్లలైనా అలా అడిగితే, "నీకు ప్రమాదమైతే మాత్రం చెప్పాల్సి ఉంటుంది, అయినా నేను వింటాను" అని మొదటే అనేయండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీ మీద ఇష్టం కొద్దీ పాప నోరు విప్పింది, కానీ ఆ తర్వాత ఏం చేయాలో ఆ ఇష్టం మీకు చెప్పలేదు కదా! అమెరికాలోని నేషనల్ ఆఫ్టర్‌స్కూల్ అసోసియేషన్ ఈ పని చేసేవాళ్లకి ఏమేం తెలిసుండాలో 2011లో పది విభాగాలుగా రాసి పెట్టింది, అందులో భద్రత ఒకటి మాత్రమే. పిల్లల ఎదుగుదల, వాళ్లని గమనించడం, ఇంటివాళ్లతో, బడితో కలిసి పనిచేయడం, నిర్ణయాల్లో పిల్లలకీ చోటివ్వడం, అన్నీ ఉన్నాయి. చివరిదాన్ని మనం తేలిగ్గా తీసుకుంటాం. పద్నాలుగేళ్లవాళ్లకి మనమే ఆట ఎంచి, మనమే జట్లు కట్టి, వాళ్లు మూల కూర్చుంటే బద్ధకమంటాం. పిల్లల అభిప్రాయం వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోనే, 12వ అధికరణంలో ఉంది.

కాబట్టి వెళ్లండి. అక్కడ చార్టులు కత్తిరించడం, రంగులు వేయించడం తప్ప ఇంకేం లేకపోతే మాత్రం వేరే ట్రైనింగ్ కావాలని మేనేజరునే అడగండి. అడిగేటప్పుడే, భద్రత చూసేవాళ్లు సెలవులో ఉంటే ఎవరికి చెప్పాలో కూడా కనుక్కుని రాసిపెట్టుకోండి. చేరిన రోజే మీకది చెప్పి ఉండాల్సింది, చెప్పకపోతే తప్పు మీది కాదు.