డోక్రా, స్వామిమలై, నగల కాస్టింగ్, ఫ్యాక్టరీ కాస్టింగ్: మైనంతో పోసే పద్ధతుల్లో ఏది బెస్ట్?

మైనంతో బొమ్మ చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి ఆ ఖాళీలో లోహం పోయడం, ఇవన్నీ ఆ బాపతే. నన్నడిగితే ఏ పద్ధతైనా మైనం బయటికి పోయే దగ్గరే తేలిపోతుందండీ, మిగతాదంతా హంగామా.

బాలానగర్‌లో ఓ ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ యూనిట్‌లో షెల్ రూమ్, అంటే పెంకు లాంటి అచ్చులు కట్టే గది, చూసుకునేవాణ్ణి. పంపు ఇంపెల్లర్లు (పంపులో తిరిగే చక్రాలు), వాల్వు బాడీలు పోసేవాళ్ళం. మైనం చెట్టుకి (ఒకే కాడకి అతికించిన మైనం నమూనాల గుత్తి) ఏడెనిమిది పూతలు స్లర్రీ (సిరామిక్ పొడి కలిపిన చిక్కటి ద్రవం), ఇసక, ప్రతి పూతా ఏసీ రూములో ఆరాలి, ఆ తర్వాత ఆటోక్లేవ్‌లో (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) ఒక్కసారిగా ఆవిరి కొట్టాలి. ఎందుకంటే మైనం వేడెక్కితే షెల్ కన్నా బాగా ఎక్కువ ఉబ్బుతుంది. ఆవిరి దెబ్బకి పైపొర ముందే కారిపోతే లోపలి మైనానికి చోటు దొరుకుతుంది, నిదానంగా వేడి చేశారో, మొత్తం ఉబ్బి షెల్‌ని పగలగొట్టేస్తుంది.

ఒకసారి బాయిలర్ రిపేరుకొచ్చింది. డెలివరీ డేట్ దగ్గరపడిందని మా ఓనర్ మామూలు ఓవెన్‌లో పెట్టించాడు, వద్దు సార్ అంటే వినలా. కాసేపటికి లోపల్నుంచి టప్ టప్‌మని చప్పుడు. తలుపు తీస్తే ట్రే నిండా మైనం, షెల్స్ మూలల్లో సన్నటి పగుళ్ళు. పేస్ట్ పూసి పోసేయండి అన్నాడు! పోశాం. 1600 డిగ్రీల స్టీలు ఆగుతుందా, పగుళ్ళలోకి దూరి పలచటి రేకులుగా గడ్డకట్టింది, గ్రైండింగ్ వాళ్ళు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు.

అదే ఆదిలాబాద్ వైపు జైనూరు మండలం ఉషేగావ్‌లో ఇత్తడి డోక్రా బొమ్మలు పోసే ఓజా కళాకారుల పని చూస్తే ఆటోక్లేవూ లేదు, ఏసీ లేదు. జంతికల గొట్టం లాంటిదాంట్లోంచి మైనం తీగలు ఒత్తి, మట్టి బొమ్మకి పక్కపక్కనే చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తుతారు. ఆ మట్టి గుల్లగా ఉంటుంది, మైనాన్ని పీల్చుకుంటుంది, మందం కూడా ఎక్కువ, అందుకే నిదానంగా కాల్చినా తట్టుకుంటుంది. మా లక్షల మిషన్ చేసే పనిని మట్టి చేసేస్తోంది, నాకైతే అదే గొప్ప. 2018లో ఆదిలాబాద్ డోక్రాకి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది గానీ షాపుల్లో రబ్బరు అచ్చు కాపీలు కూడా డోక్రా పేరుతోనే అమ్మేస్తున్నారు. తీగ చుట్టు ఏ రెండింటికీ ఒకేలా రాదు కదా, అచ్చుగుద్దినట్టు పది బొమ్మలు వరసగా కనిపిస్తే అది డోక్రా ఎలా అవుద్ది?

తమిళనాడులోని స్వామిమలై వాళ్ళది లోపల గుల్ల లేని గట్టి పోత, తేనె మైనంలో గుగ్గిలం, వేరుశనగ నూనె కలుపుతారు, పైన కావేరి వండ్రు మట్టి. దేవుడి విగ్రహం కావాలంటే అక్కడికే వెళ్ళండి. నగల కాస్టింగ్‌లో బంగారానికి ప్లాస్టర్ అచ్చు చాలు, స్టీలు వేడికి మాత్రం అది నిలబడదు.

ఇంట్లో ట్రై చేద్దామనుకుంటే ముందు ఎవరి దగ్గరైనా పని చూసి రండి, అచ్చు పూర్తిగా ఆరి కాలకుండా మాత్రం పోయొద్దు, తడి ఉంటే ఆవిరై లోహం మొహం మీదకే ఎగురుద్ది.