డిసెంబరులో శనగ: జేజీ 11 వేయొచ్చా?

అన్నా, నల్లరేగడి ఆరక విత్తడం డిసెంబరు మొదటి వారానికి జరిగింది, చేతిలో జేజీ 11 రకం శనగ విత్తనం ఉంది, వేయొచ్చా అని కదా మీ ప్రశ్న. ఒక్క తడికైనా నీళ్లుంటే వేయండి. లేకపోతే, నా మాటగా, శనగ మానుకోవడమే మేలు.

ఆలస్యమైతే పూత, కాయ దశ ఫిబ్రవరి ఎండల్లో పడుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి పూత రాలుతుంది, నిలిచిన కాయల్లో గింజ నొక్కుకుపోతుంది. జేజీ 11 తొందరగా కోతకొస్తుంది కాబట్టి పర్వాలేదు. జేజీ 14 దొరికితే ఇంకా మంచిది, వేడిని తట్టుకునే రకమే అది. లావు గింజ కాబూలీ (తెల్ల శనగ) జోలికి మాత్రం పోవద్దు.

చలికి మొక్క గిడసబారి కొమ్మలు తక్కువేస్తుంది. అందుకే సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు కాక 22.5కి తగ్గించి, ఎకరాకు 25–30 కిలోల బదులు 35 దాకా విత్తనం వాడండి. పైమట్టి ఆరి ఉంటే గొర్రు లోతుగా, తేమ తగిలేలా దింపాలి. దుక్కిలో ఎకరాకు డీఏపీ ఎరువు ఒక బస్తా చాలు.

వేడి, బెట్ట కలిస్తే ఎండు వేరుకుళ్లు తెగులు ఖాయం. కిలో విత్తనానికి కార్బాక్సిన్, థైరమ్ కలిసిన మందు 3 గ్రాములు పట్టించండి.

తడి ఒక్కటే ఇవ్వగలిగితే కాయ ఊరే దశకు దాచండి, అదీ స్ప్రింక్లర్లతో. పారుకం పెడితే, అంటే నీళ్లు పారగడితే, రేగడి నెర్రెల్లో నీళ్లు నిలిచి మొక్కలు పసుపుబారతాయి.